లోపలి కాపలా

మెషీన్ వెలుగు కుడి డొక్క మీద గోరువెచ్చగా పాకుతుంటే నూకరత్నం కదలకుండా పడుకుంది. అనకాపల్లిలో పిల్లలకు ఖోఖో నేర్పే టీచరు ఆవిడ. మంచమెక్కిన రోజంటూ ఎరగదు. తమ్ముడు ఎర్నాయుడి లివర్‌ను హెపటైటిస్ బి వైరస్ తినేసింది, ఇక మందులకు లొంగడం లేదు. అతనికి తన లివర్‌లో ముక్క ఇవ్వడానికి ఆవిడ ఆసుపత్రికి వచ్చింది. రక్త పరీక్షలన్నీ బాగున్నాయి. ఈ స్కాన్ ఒక్కటే మిగిలింది.

స్క్రీన్ మీద పసుపు చుక్కలు మెరిశాయి. ఆ మెషీన్ తయారుచేసిన డాక్టర్ షమీమ్ వాటిని పెద్దవి చేసి చూసింది. తర్వాత, వైరస్ మీలోనూ ఉందని మెల్లగా చెప్పింది.

నూకరత్నం నమ్మలేదు. డాక్టర్ ఓపిగ్గా వివరించింది. పాత పరీక్షలు రక్తంలో వెతుకుతాయి. వీధిలో తిరిగే దొంగే వాటికి దొరుకుతాడు. కొందరిలో వాడు లివర్ కణాల్లో నక్కి ఉంటాడు. రక్తంలో జాడ ఉండదు, లివర్‌కు దెబ్బా తగలదు. ఈ స్కానర్ ఒళ్లు కోయకుండానే వాణ్ణి వెలిగించి చూపిస్తుంది.

కబురు తెలిసి చుట్టాలు ఆవిడ తాగిన గ్లాసు వేరే పెట్టారు. అలా అంటదని చెప్పినా వినలేదు. పెదనాన్న కొడుకు సింహాద్రి తన స్కాన్‌లో ఏమీ లేదని, లివర్ తానే ఇస్తానని మీసం దువ్వాడు. నూకరత్నానికి తమ్ముడి గదిలోకి వెళ్లే ధైర్యం చాల్లేదు.

మర్నాడు డాక్టరే పిలిపించింది. స్క్రీన్ మీద ప్రతి పసుపు చుక్క చుట్టూ నీలం చుక్కలు మూగి ఉన్నాయి.

"ఇవి మీ ఒంటి కాపలా కణాలు. పుట్టినప్పుడు మీ అమ్మ నుంచి మీ ఇద్దరికీ వచ్చింది ఒకే వైరస్. మీ కాపలా దాన్ని కదలనివ్వలేదు, మీ తమ్ముడిది అలిసిపోయింది. ఏమీ లేని లివర్ పెడితే వైరస్ దాన్నీ తినేస్తుంది. మీది పెడితే కాపలా కూడా వెళ్తుంది."

"పనిచేస్తుందా?"

"మనుషుల్లో ఇంతవరకు ఎవరూ చేయలేదు. చేస్తుందనే నా నమ్మకం."

ఎర్నాయుడు ఒప్పుకోలేదు. "నీకేమైనా అయితే ఎలా అప్పా?"

"ఇన్నేళ్లూ తెలియకుండా మోశాను. ఇప్పుడు తెలిసి పంచుకుంటాను," అందావిడ.

ఆపరేషన్ తర్వాత అతనికి జ్వరం కాసింది. నూకరత్నం తన నొప్పి మర్చిపోయి ఆ గది వైపే చూస్తూ గడిపింది. తర్వాత జ్వరం దిగింది. రక్తంలో వైరస్ వారం వారం తగ్గుతూ చివరికి కనబడకుండా పోయింది. కళ్లలో పచ్చదనం పోయి, కోడికూర కావాలని అడిగాడు.

ఈ వార్త ఊళ్లు దాటింది. చెకప్‌కు వచ్చిన నూకరత్నానికి స్కానర్ గది ముందు పెద్ద వరుస కనిపించింది. లోపల ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మీకు ఏ వైరసూ లేదని డాక్టర్ చెబుతుంటే ఆయన మొహం వాడిపోయింది.

"ఇంకోసారి చూడండమ్మా," అని బతిమాలాడు. "మా ఆవిడ ఇదే జబ్బుతో లివర్ పాడై పై అంతస్తులో ఉంది. ఎక్కడో ఒక మూల కాస్తయినా ఉండకపోదు."

నూకరత్నం వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆ కాపలా కణాలను తన రక్తంలోంచి తీసి ఆయన భార్యకు ఎక్కించడం కుదురుతుందా అని డాక్టర్‌ను అడిగింది.