ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర నెట్ కాల్

చీకటి పడ్డాక మా ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన ఎవరూ నడవరు.

నడవాల్సి వస్తే పరిగెడతారు. పరిగెట్టలేని వాళ్లు చుట్టూ తిరిగి, మురుగుకాలవ దాటి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు చేరతారు. చెప్పులు పోయినా ఫరవాలేదు, గొంతు పోకూడదని.

ఎందుకంటే అక్కడున్నది మామూలు దెయ్యం కాదు. పీక పిసకదు, నెత్తురు తాగదు. ముందు మన గొంతు తీసుకుంటుంది. మన గొంతుతో మన మాటలే మనకు వినిపిస్తుంది... ఆ తర్వాత మనిషిని తీసుకుంటుంది.

ఇంతవరకూ ఎవర్నీ తీసుకున్న దాఖలా లేదు. కానీ మంగలి బాబాయి గొంతు ఓసారి ఆ దారిన రాగానే బొంగురుపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఓ గిరాకీతో గొంతు చించుకుని పోట్లాడిన మాట నిజమే. దానికీ దీనికీ సంబంధం లేదని ఆయనే చెప్పాడు.

ఆ దెయ్యం పాత కాపలాదారుది. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఐసు గదిలో కునుకు తీసి, దిమ్మతోపాటు గడ్డకట్టుకుపోయాడని చెప్పుకుంటాం. నిజానికి ఆయన ఉద్యోగం మానేసి కూతురింట్లో మనవలతో హాయిగా ఉన్నాడు. మొన్నో పెళ్లిలో నా పక్కనే కూర్చుని మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. అయినా చెప్పుకోవడం మేం మానలేదు. బతికున్నవాడు దెయ్యం కాకూడదని ఎక్కడ రాసుంది?

అలాంటి గోడ దగ్గరికి, కరెంటు లేని రాత్రి, మా వైండింగ్ బావ ఒంటరిగా వెళ్లాడు.

ధైర్యం ఉండి కాదు. సిగ్నల్ లేక.

బావ కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుడతాడు. అందుకే వీధంతటికీ వైండింగ్ బావ. ఊళ్లో ఏ ఫ్యాను తిరిగినా తన చలవే అంటాడు. తిరగకపోతే కరెంటు తప్పంటాడు. పుట్టినప్పటి నుంచి ఆయన వల్ల జరిగిన తప్పు ఒక్కటీ లేదు. అన్నీ కరెంటు వల్లే జరిగాయి.

ఆయన భార్య ల్యాబులో రక్తం తీస్తుంది. మాకందరికీ అక్క. ఊళ్లో సగం మందికి దెయ్యమంటే భయం, మిగతా సగానికి అక్క చేతిలో సూదంటే భయం.

ఈ మధ్య బావకు ఉన్నట్టుండి ఓ జ్ఞానోదయమైంది. "మాటకు వేరే డబ్బులెందుకు కట్టాలయ్యా? నెట్టుంటే మాట దాని వెనకే నడిచొస్తుంది. సొంత బండి ఉన్నవాడు బస్సు టికెట్టు కొంటాడా?" అని, తన ఫోనుకూ అక్క ఫోనుకూ ఉత్తి డేటా ప్లాన్ వేయించాడు. ఆ సిమ్ములకు మామూలు ఫోను రాదు, పోదు. ఏం మాట్లాడినా నెట్ కాల్ యాప్‌లోనే. నెట్టుంటే సముద్రాలవతలి మనిషితోనైనా మాట్లాడొచ్చు. లేకపోతే పక్కగదిలో మనిషినైనా కేకేసి పిలవాల్సిందే.

ఆ ప్లాను మమ్మల్ని కూడా తీసుకోమని వీధి వీధంతా తిరిగాడు. తీసుకోని వాళ్లను చూసి జాలిపడ్డాడు.

తర్వాత ఓ వాన రాత్రి వచ్చింది. అక్క డ్యూటీ దిగేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. బండేసుకుని రమ్మని బావకు చెబుదామంటే ఫోన్లో చుక్క డేటా లేదు. పొద్దున నిండుగా ఉన్నది సాయంత్రానికి ఆవిరి. అక్క ఊరంతా తడుస్తూ నడిచి ఇల్లు చేరింది. బావ తలుపు తీశాడు. పొడిగా ఉన్నాడు.

"నా డేటా ఏమైంది?"

"నీ ఫోను పాతదే. పాత ఫోన్లకు దాహం ఎక్కువ."

సంగతేమిటంటే, పొద్దున అక్క స్నానానికి వెళ్లగానే బావ ఆవిడ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, తన ఫోన్లో కుస్తీ పోటీలు చూశాడు. వైఫై ఉందిగా అంటారేమో, అది ఆవేళ మొరాయించింది. మరి తన డేటా? అది దాచుకున్నాడు. అవసరానికి ఉంటుందని.

ఇదంతా ఎదురింటి పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. పెద్దమ్మ చూసిందంటే ఊరు చూసినట్టే. అక్క చెవిన కూడా పడింది. అయినా ఆవిడ రచ్చ చెయ్యలేదు. ఈయన నోటితో ఈయనే చెబుతాడేమోనని చూసింది. బావ చెప్పలేదు. అక్క బట్టలు సర్దుకుని ఊరి ఆ చివర వాళ్ల పెద్దక్క ఇంటికి వెళ్లిపోయింది.

నేను చెప్పే రోజు సాయంత్రం ఆవిడ నుంచి బావకు మెసేజి వచ్చింది.

'పెద్దక్క వాళ్లు రేపు పొద్దున ఊరు మారుతున్నారు. అక్కడ నాకు ఉద్యోగం చూశారు. నేనూ వెళ్తున్నా. చెప్పాల్సిందేమైనా ఉంటే ఈ రాత్రే చెప్పండి. నోటితో చెప్పాలి. మెసేజి పనికిరాదు.'

అది చదివాక బావకు చేతులు ఆడలేదు. ఆడని చేతులతోనే ఓ నీళ్ల మోటారుకు వైరు తగిలించాడు. ఠప్పుమంది. వీధి ఫ్యూజు ఎగిరిపోయింది. ఇళ్లన్నీ చీకటి. కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది. గోడల మధ్య ఆయన సిమ్ముకు ఎప్పుడూ సిగ్నల్ లేదు.

పెద్దమ్మ గుమ్మంలోకి పరిగెత్తాడు. "పెద్దమ్మా, ఒక్కసారి నీ ఫోను..."

"నీదసలే పెద్ద ప్లాను కదా నాయనా. నాది పాత రకం. దానికి మాట్లాడటం తప్ప ఏమీ రాదు," అంది పెద్దమ్మ, చీకట్లో విసురుకుంటూ.

ఇచ్చినా లాభం లేదు. అక్క సిమ్ముకు మామూలు ఫోను పోదు. ఆ ఏర్పాటు కూడా బావదే. పోనీ నేరుగా వెళ్దామా అంటే పెద్దక్క మొగుడు గుమ్మంలోనే కూర్చుంటాడు. బావ చుట్టిన మోటారు ఆయనింట్లో వెనక్కి తిరుగుతోంది.

మిగిలింది ఒకటే చోటు. టవరు ఐసు ఫ్యాక్టరీ వెనకుంది. ఆ గోడ దగ్గర నిలబడితే కాస్త సిగ్నల్ అందుతుంది. పగలు అందరం అక్కడే నిలబడతాం.

పగలు...

బావ బయల్దేరాడు. వీధి మలుపు దాటేసరికి కుక్కలు కూడా వెనక్కి తిరిగాయి. గోడ కనబడింది... దాని వెనక తుప్పుపట్టిన రేకుల కప్పు. గాలి లేదు. అయినా రేకు ఒకటి కిర్రు... కిర్రు... మంటోంది.

బావ గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. వెనక నుంచి ఏదీ రాకుండా ఉంటుందని. దెయ్యం గోడలోనే ఉంటుందన్న సంగతి ఆ క్షణానికి తట్టలేదు.

ఫోను పైకెత్తాడు. ఒక గీత వచ్చింది... పోయింది... మళ్లీ వచ్చింది. నొక్కాడు.

అవతల ఎత్తారు.

"హలో..." అన్నాడు బావ, మెల్లగా.

జవాబు లేదు. రేకు కిర్రుమనడం కూడా ఆగిపోయింది.

అప్పుడు... గోడ అవతల నుంచి...

"హలో..."

బావ గొంతే. పిసరంత తేడా లేదు.

బావ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. గొంతు తడుముకుని చూసుకున్నాడు. ఉంది. ఇంకా మొత్తం పోలేదు.

గోడ లోపల్నుంచి ఓ ఆడ గొంతు "ఊఁ..." అంది.

కాస్త ఆగి ఫోన్లో అక్క "ఊఁ..." అంది.

ముందు గోడ, తర్వాత భార్య! బావ ఒంట్లో ఉన్న నీళ్లన్నీ చెమటై బయటికొచ్చాయి.

"ఇదిగో... ఆ రోజు... నీకు తువ్వాలన్నా ఇచ్చి ఉండాల్సింది..."

గోడ విన్నది. కాసేపు నెమరేసింది. తర్వాత అంది. "తువ్వాలన్నా... ఇచ్చి ఉండాల్సింది..."

బావకు అర్థమైపోయింది. తన గొంతును ముక్క ముక్కగా లాగేసుకుంటోంది! ఇంకో నాలుగు మాటలంటే నాలుగూ పోతాయి. ఆ తర్వాత తనే పోతాడు. ఫోను కట్టేసి పారిపోతే గొంతు మిగులుతుంది... అక్క మిగలదు. తెల్లారితే వెళ్లిపోతుంది.

ఏది కావాలి?

మా బావను నేను చాలాసార్లు వెక్కిరించాను, ముందు ముందు కూడా వెక్కిరిస్తాను. కానీ ఆ చోట మాత్రం ఆయన పారిపోలేదు. 'ఆవిడ లేనప్పుడు ఈ గొంతు పెట్టుకుని ఎవరితో మాట్లాడాలి' అనుకున్నాడట. కళ్లు మూసుకుని, ఉన్న గొంతంతా ఒక్కసారే ఖర్చుపెట్టాడు.

"నీ డేటా తాగింది నేనే! కుస్తీలు చూశాను! నా డేటా దాచుకుని నీది తాగాను! నువ్వు తడవడానికి నేనే కారణం, కరెంటు కాదు! వెళ్లొద్దే!"



ఒకటి... రెండు ఊపిరులు...

గోడ గర్జించింది. "నీ డేటా తాగింది నేనే!"

దెయ్యం కూడా తాగుతుందని తెలిశాక ఇక ఎవరు నిలబడతారు? బావ గోడ వెంబడి పరుగు లంకించుకున్నాడు. మూల మలుపు తిరిగాడు. అటు నుంచి నల్లగా ఒక ఆకారం, జుట్టు విరబోసుకుని, అంతే జోరుగా ఎదురొచ్చింది...

గుద్దుకున్నారు. ఇద్దరూ కింద పడ్డారు. ఇద్దరూ గొంతు చించుకుని కేక పెట్టారు.

ఇద్దరూ ఊరుకున్నాక, వాళ్ల చేతుల్లోని రెండు ఫోన్లూ అదే కేక మళ్లీ పెట్టాయి.

"ఏమండీ?" అంది ఆకారం.

"...నువ్వా?" అన్నాడు బావ.

'ఏమండీ?' అంది బావ చేతిలో ఫోను.

అక్క తన సర్టిఫికెట్లు తీసుకుందామని వచ్చింది. బస్సు దిగి ఫ్యాక్టరీ వెనక సందులోంచి వస్తుంటే ఊరంతా చీకటి. ఈయన ఏమన్నా చెప్పాడేమో చూద్దామని ఫోను తీసింది. ఆవిడదీ డేటా సిమ్మే, ఆవిడకీ సిగ్నల్ అందేది ఆ గోడ దగ్గరే. కాబట్టి గోడకు అటు వైపు ఆవిడ, ఇటు వైపు ఈయన. ల్యాబు అలవాటుకొద్దీ ఫోను సైలెంటులో ఉంది, మోగలేదు; తెర మీద ఈయన కాల్ చూసి ఎత్తింది. చీకట్లో మనిషి గొంతు తోడుంటుందని స్పీకరు పెట్టింది. మాట పక్కనే ఉన్న చెవికి చేరాలన్నా ముందు టవరెక్కి, ఊళ్లు తిరిగి, అలసిపోయి దిగాలి కదా. ఒక్క గీత సిగ్నల్ మీద ఎంతసేపు పడుతుందో బావ చూశాడు.

"నా మాట నా వెనకే వస్తోందని చచ్చాననుకో," అన్నాడు బావ, మోచేయి రుద్దుకుంటూ.

"మీకు వెనక వచ్చింది. నాకు ముందొచ్చింది," అంది అక్క. "గోడ ఒక మాట అంటుంది, ఆగి మీరు ఫోన్లో అదే అంటారు. దెయ్యం అందిస్తుంటే మీరు అప్పజెబుతున్నారనుకున్నా."

"నా గొంతు గుర్తుపట్టలేదూ?"

"గొంతు మీదే. 'తప్పు నాదే' అని మీరెప్పుడన్నా అన్నారా? దెయ్యం కాక ఇంకెవరనుకోవాలి?"

బావ లేచి ఆవిడకు చెయ్యందించాడు.

ఇద్దరూ ఫోన్ల వెలుగులో ఇల్లు చేరారు. దారిలో అక్క పెద్దక్కకు మెసేజి పెట్టింది, రావట్లేదని. ఉన్నదేదో కొవ్వొత్తి పెట్టుకుని తిన్నారు. ఆవిడ లేని రోజులన్నిటి గిన్నెలూ తొట్టిలో గుట్టగా ఉన్నాయి. బావ చెయ్యి కడుక్కుని కుర్చీలో వాలబోయాడు.

"ఏమండీ, మరి గిన్నెలు?"

"గిన్నెలకేం?"

"అక్కడ అన్నారుగా. 'ఇకనుంచి రోజూ అంట్లు నేనే తోముతా' అని."

"నేనా? ఎప్పుడు?"

"డేటా సంగతి చెప్పాక. మీ గొంతే, గోడ అవతల నుంచే."

బావ వైండింగ్ మనిషి కదా, తీగ ఎటు పోతే ఎటు వస్తుందో లెక్కేశాడు. "నేనే అని ఉంటే నీ ఫోన్లో కూడా రావాలి. వచ్చిందా?"

"రాలేదు," అంది అక్క. "ఎంతసేపు చూసినా ఫోన్లో రాలేదు. అందుకే కదా నేను పరిగెత్తింది."

కొవ్వొత్తి ఒక్కసారి ఊగింది.

"నేను అననే లేదే..." అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"అయితే ఎవరన్నారు? కావాలంటే పదండి, ఇద్దరం వెళ్లి అడుగుదాం."

బావ ఆవిడ మొహంలోకి చూశాడు. నవ్వుతోందో లేదో ఆ వెలుగులో తెలియలేదు. కిటికీలోంచి ఫ్యాక్టరీ వైపు చూశాడు... అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.

లేచాడు. పీచు అందుకున్నాడు.

ఇప్పటికీ రోజూ ఆయనే తోముతున్నాడు. మాడిన గిన్నెలతో సహా. అడగడానికి మాత్రం వెళ్లలేదు.