పన్నెండు పాయింట్ల పాస్

"ఫిల్మ్ ఆ గూఢచారి ఒంటిమీద ఉంటేనే దాడి. వట్టి చేతులతో దొరికితే, వాళ్ళ ముఠాలో మనం పెట్టిన మనిషి ప్రాణం పోతుంది. ఫిల్మ్‌లోని జలాంతర్గామి డిజైన్లూ పోతాయి," అన్నాడు చీఫ్.

"ఉందో లేదో నాకెలా తెలుస్తుంది సార్?" అడిగాడు డేగ. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అంతా ఆ పేరుతోనే పిలుస్తారు.

"వాడి పక్కనుండే ఆవిడ, మారుపేరు నెమలి, చెబుతుంది. ఉంటే లోలాకు ముట్టుకుంటుంది. అప్పుడు బ్రిడ్జ్ చివరి ఆటలో నీ పాటగా 'వన్ స్పేడ్' అను. నీ టై పిన్‌లో మైక్ ఉంది. టేబుల్ మీంచి ఆ మాట వినపడగానే మనవాళ్ళు లోపలికొస్తారు."

"నెమలి మన మనిషేనా?"

"సోమ, బుధ, శుక్రవారాల్లో."

"ఆట గురువారం కదా సార్?"

చీఫ్ అతని టై పిన్ సరిచేసి పంపేశాడు.

గురువారం మధ్యాహ్నం హోటల్ పేకాట హాల్లో డేగ బట్టల వ్యాపారిగా కూర్చున్నాడు. ఎడమపక్క నెమలి, పచ్చరాళ్ళ లోలాకులతో. కుడిపక్క ఫిల్మ్ మోసే మనిషి, పళ్ళ డాక్టర్ వేషంలో. ఎదురుగా పార్ట్‌నర్, డేగ సొంత పిన్ని. ఆమెకు మిషన్ సంగతి తెలియదు. అబ్బాయికి ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టి ఆటకు పిలిచాడని మురిసిపోతోంది.

చివరి ఆట. పంచింది డేగే. మొదటి మాటా అతనిదే.

ముక్కలు చూసుకున్నాడు. ఆట మొదలెట్టాలంటే పెద్ద ముక్కల లెక్కలో పన్నెండు పాయింట్లు కావాలి. సరిగ్గా పన్నెండే ఉన్నాయి. కానీ అందులో మూడు, తోడు లేని ఆఠీను రాజువి. లెక్కేస్తే ఓపెన్ చెయ్యొచ్చు, భయపడితే పాస్ అనొచ్చు.

నెమలి వేలు చెవి దాకా వెళ్ళింది. లోలాకు ముట్టుకుందా? జుట్టు సర్దుకుందా?

"కానివ్వండి సార్. నా ఓడ వెళ్ళిపోతుంది," అన్నాడు డాక్టర్.

 ముఠాలో ఉన్న తోటి మనిషి ముఖం డేగ కళ్ళముందు కదిలింది.

"పాస్," అన్నాడు.

నెమలి ముఖం పాలిపోయింది. అప్పుడర్థమైంది, ఆమె లోలాకే ముట్టుకుంది. అన్న మాట వెనక్కి తీసుకుంటే డాక్టర్‌కి అనుమానం వస్తుంది. తన సైగ తర్వాత దాడి జరగాలని తప్ప, కోడ్ మాటేమిటో ఆమెకు తెలియదు.

"పాస్," అంది నెమలి సన్నగా.

మిగతా ఇద్దరూ అదే మాటంటే ముక్కలు గిరాటేసి లేవడమే. డాక్టర్ ఓడెక్కుతాడు. పిన్నికి సైగ చేద్దామా? పేకాటలో సైగ చేసినవాణ్ణి ఆమె అందరిముందూ కడిగేస్తుంది. డేగ చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. చెయ్యడానికేమీ లేదు.

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. ముక్కలు ఓసారి అటూ ఇటూ సర్దింది.

"వన్ స్పేడ్."

తలుపులు భళ్ళుమన్నాయి. డాక్టర్ చెయ్యి నోటికి వెళ్ళింది. డేగ ముక్కలు వెల్లకిలా పడేసి, బల్లమీంచి దూకి వాడి దవడ పట్టుకున్నాడు. కట్టుడు పళ్ళు ఊడి అతని అరచేతిలో పడ్డాయి. వాటి లోపలి గాడిలో, చుట్టిన ఫిల్మ్.

ఆ గందరగోళంలో నెమలి ఎప్పుడు మాయమైందో ఎవరూ చూడలేదు.

పిన్ని మాత్రం తన ముక్కలు గుండెకు హత్తుకుని, బల్లమీద పడ్డ డేగ ముక్కలు లెక్కపెడుతూ కదలకుండా కూర్చుంది.

"పది పాయింట్లతో నేను తెగించాను. పన్నెండు పెట్టుకుని నువ్వు పాసంటావేంరా? ఆ తుపాకీల వాళ్ళని కాస్త బయట నుంచోమను, ఆట పూర్తి కానీ."