కెమెరాకి ఇవతల

ఆ ఉదయం ఇంట్లో మిక్సీ తిప్పడానికి వీల్లేదు, కుక్కరు పెట్టడానికి వీల్లేదు, ఆఖరికి తుమ్మడానికి కూడా వీల్లేదు. చెల్లెలికి ఇంటర్వ్యూ. అదీ ఇంట్లోంచే, కంప్యూటర్ ముందు కూర్చుని. ఆస్పత్రిలో రోగుల బంధువులకి సాయపడే ఉద్యోగం. ఇంతకుముందు వెళ్ళిన చోటల్లా కబురు చేస్తామని చెప్పి పంపేశారు. ఇది కూడా చేజారితే పిల్ల బెంబేలెత్తిపోతుందని అక్క భయం.

అక్క ఒక ఆఫీసులో రిసెప్షనిస్టు. లోపల పెద్దవాళ్ళ ముందు వినయం ఒలకబోసేవాళ్ళు బయట తనతో ఎంత విసురుగా మాట్లాడతారో ఆమెకి బాగా తెలుసు. అందుకే కొన్నాళ్ళుగా చెల్లెలి చెవిలో జోరీగలా ఒకటే పాఠం. నిటారుగా కూర్చో. వాళ్ళ మాటకి అడ్డు రాకు. తెలియనిది తెలియదని చెప్పు. చివర్లో ఏమైనా అడుగుతావా అంటే లేదనకు, ఒక్కటైనా అడుగు.

"అన్నిటికంటే ముఖ్యం, గది బయట ఉన్నవాళ్ళతో కూడా లోపలివాళ్ళతో ఉన్నంత మర్యాదగా ఉండాలి" అనేది ఆమె ఆఖరి ముక్క.

సగం ఇంటర్వ్యూ నువ్వే చేసేస్తున్నావని చెల్లెలు ఆటపట్టించేది.

కిటికీ వీపు వెనక ఉండటంతో చెల్లెలి ముఖం తెరమీద నల్లగా కనిపిస్తోంది. టేబుల్ లైటుకి స్టాండు విరిగిపోయింది. అక్క ఆ రోజు సెలవు పెట్టి మరీ, కెమెరాకి ఇవతల గోడవార నిలబడి లైటు పట్టుకుంది.

తెరమీద ఒక పెద్దావిడ, పక్కన కళ్ళజోడాయన. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. చెల్లెలు చక్కగా నమస్కారం చేసింది, తెలియని ప్రశ్నకి తెలియదంది. అక్క మురిసిపోయింది. అంతలో పెద్దావిడ, మీరు ఎదుర్కొన్న పెద్ద కష్టం ఏమిటని అడిగింది.

చెల్లెలు గొంతు సవరించుకుంది. "అమ్మానాన్న పోయాక ఇంటి భారం నామీదే పడిందండి. మా అక్కకి చదువు అబ్బలేదు. ఏ పనిలోనూ కుదురుగా నిలవదు. నేనే చిన్నాచితకా పనులు చేసి, చదువుకుంటూ, తనని చూసుకున్నాను."

అక్క తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. కాలేజీ మానేసింది ఎవరు? రోజంతా ఆ కౌంటర్ వెనక నిలబడి ఎవరి కాళ్ళు వాచాయి? అడిగితే ప్రాణమైనా ఇచ్చేది. అడక్కుండా చెల్లెలు తన బతుకే ఎత్తుకుపోయింది. చేతిలో లైటు ఊగింది.

అక్కడ ఎవరైనా ఉన్నారా అని పెద్దావిడ అడిగింది. చెల్లెలు నీళ్ళు నమిలి, మా అక్కండి, లైటు పట్టుకుంది అని చెప్పింది. అయితే ఒకసారి పలకరిస్తామన్నారు. ఇక తప్పలేదు.

అక్క కెమెరా ముందుకి వంగి నమస్కారం పెట్టింది. చెల్లెలు మిమ్మల్ని బాగా చూసుకుంటుందా అని పెద్దావిడ జాలిగా అడిగింది. ఒక్కమాట చాలు, ఉద్యోగం గంగలో కలుస్తుంది.

"పని నేర్చుకుంటే బాగా చేస్తుందండి. అవకాశం ఇవ్వండి" అంది అక్క. అంతకుమించి ఒక్క ముక్క కలపలేదు. లైటు టేబుల్ మీద పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొంచెంసేపు మాలో మేం మాట్లాడుకుంటామని వాళ్ళు తెర ఆపగానే చెల్లెలు వెనకే పరుగెత్తింది. కంగారులో నోటికొచ్చింది అనేశానని, ఇంటర్వ్యూల్లో అందరూ కాస్త కలిపే చెబుతారని సర్దిచెప్పబోయింది.

"నువ్వు కలిపి చెప్పలేదే. నన్ను తీసేసి చెప్పావు." అంది అక్క. "నా కష్టం నీదనుకుంటే అనుకో. కానీ నన్ను నీకు బరువు చేశావు చూడు, అది మాత్రం నేను దిగమింగలేను."

అవతలి గదిలోంచి పిలుపు వినిపించింది. చెల్లెలు వెళ్ళి కూర్చుంది. ముఖం మళ్ళీ చీకట్లోనే ఉంది.

"చివరగా, మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంది పెద్దావిడ.

"అడగాలండీ" అంది చెల్లెలు. "ఇందాక చెప్పింది ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చెప్పొచ్చా?"

వంటింట్లో అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"కాలేజీ మానేసింది మా అక్కండి. ఇల్లు నడిపింది తను. ఇవాళ మీతో ఎలా మాట్లాడాలో నేర్పింది కూడా తనే. ఒక్కరోజు కూడా నేను తనని చూసుకోలేదు."

ఇది విన్నాక ఉద్యోగం సంగతి తాను మాట ఇవ్వలేనని పెద్దావిడ నెమ్మదిగా చెప్పింది. తెలుసండీ అంది చెల్లెలు. కన్నీళ్ళు చెంపల మీదుగా జారుతున్నా తుడుచుకోలేదు.

ఉన్నట్టుండి ఆ ముఖం మీద వెలుగు పడింది. పక్కన అక్క, చేతిలో లైటు.

"తొందరగా కానివ్వు, చెయ్యి లాగుతోంది" అని గొణిగింది.

చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకి లాగింది.

"ఈవిడేనండీ మా అక్క."