గొర్రెపిల్ల రాయి

పట్టపగలే చీకటి కమ్ముకొస్తున్న గ్రహణ సమయం...!

1980 ఫిబ్రవరి. రాహువు సూర్యబింబాన్ని సగానికి పైగా మింగేశాడు. టాటానగర్‌లోని బర్మామైన్స్ సందుల్లో ప్రతి తలుపూ మూసుకుంది. కాకులు గూళ్లకు మళ్లాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది... మబ్బుతునకైనా లేని ఆకాశంలో ఉరుము ఉరిమింది!

ఆ అశుభ ఘడియలో ఒక తల్లి పాడుబడిన దొరల శ్మశానంలోకి పరుగులాంటి నడకతో వచ్చింది. అక్కడి రైలు యార్డులో పనిచేసే కూర్మారావు భార్య సింహాచలమ్మ. ఆమె భుజం మీద ఏడేళ్ల జానకి జ్వరంతో కాలిపోతోంది. మందులు పనిచేయలేదు, మొక్కులు ఫలించలేదు. ఇక మిగిలింది చిల్లంగి పెట్టే మంత్రగాడు సన్యాసిరావు ఒక్కడే. మొగుడికి చెబితే వెళ్లనివ్వడని, చెప్పకుండా వచ్చేసింది.

చుట్టూ సమాధులు... వాటి మీద వింత బొమ్మలు! విరిగిన స్తంభం, తలకిందులైన కాగడా, రెక్కలు మొలిచిన ఇసుక గడియారం. వాటి అర్థం తెలిసిన దొరలు ఎప్పుడో ఓడలెక్కి పోయారు. సన్యాసిరావు తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. ఆ అర్థమే అతని మెడకు చుట్టుకోబోతోంది!

కాళ్లు ముడుచుకుని పడుకున్న గొర్రెపిల్లను చెక్కిన చిన్న రాయి ముందు అతను కూర్చున్నాడు. ఎదురుగా కుంకుమ, నిమ్మకాయలు, కాళ్లు కట్టిన నల్లకోడి... ఒక కపాలం! పక్కనే అప్పుడే తవ్విన గొయ్యి.

"సూసినావా? గొర్రెపిల్ల! మనూళ్లో అమ్మోరికి పోతునిచ్చినట్టే దొరలు ఈ రాయికాడ బలిచ్చీవోరు. దీని కింద ఆకలి మీదున్న శక్తుంది. తవ్వితే పుర్రె కూడా దొరికినాది!"

"నా పిల్ల బతుకుతాదా బాబూ?"

"రాయి ముందర పడుకోబెట్టు."

ఆమె పడుకోబెట్టింది. మంత్రోచ్చారణ మొదలైంది. చీకటి చిక్కబడింది... కత్తి లేచింది. అది కోడి వైపు వెళ్లలేదు. జానకి మెడ వైపు వెళ్లింది!

"బాబూ! కోడిని కోత్తానన్నావు గదా!"

"కోడి సాల్దే! నీ కూతురి రగతం తాగితే ఈ శక్తి నాకు బానిసైపోద్ది!"

సింహాచలమ్మ అతని మీద పడింది. ఒక్క తన్నుతో ఆమె సగం ఒళ్లు గోతిలోకి దొర్లింది. అతను తెగిన మంత్రాన్ని మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. లేవబోతూ చేతులు చాచింది... ఆగిపోయింది. గొయ్యి పొడవు మూరెడుకు కాస్త ఎక్కువ, అంతే. సువర్ణరేఖ ఒడ్డున తన తొలిచూలు బిడ్డను పూడ్చినప్పుడు కూర్మారావు తవ్విన గొయ్యీ ఇంతే! ఆమె తలెత్తి కపాలం వంక చూసింది. అరచేతిలో ఇమిడిపోయే కపాలం.

ఇది బలిరాయి కాదు... పసిబిడ్డ సమాధి! ఆ గొర్రెపిల్ల ఆ బిడ్డే!

పక్కనే పొడవాటి ఇంకో రాయి. దాని మీద ఒక పెద్ద చెయ్యి చిన్న చేతిని పట్టుకుని ఉంది. అది ఎవరిదో సింహాచలమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాయికి తల బాదుకుంది.

"ఓలమ్మా! నీ బిడ్డ తలకాయి తవ్వీసినాడు! నా బిడ్డ పీక కోత్తన్నాడు! నువ్వూ తల్లివే గదా... లెగే తల్లీ, లెగు!"

భూమి కంపించింది! సింహాచలమ్మ కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఆమె నోట ఏదో దొరసాని జోలపాట... మెల్లగా, అతి మెల్లగా! సన్యాసిరావు నిమ్మకాయలు విసిరాడు, బీజాక్షరాలు అరిచాడు. అతని చేతిలో కత్తి కొలిమిలో కాలినట్టు ఎర్రబడింది. పొడవాటి రాయిలోంచి ఆ పెద్ద చెయ్యి బయటికి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది!

"నా సెయ్యి ఒగ్గీ! ఒగ్గీ...!"

నేల నోరు తెరిచింది. అతన్ని మింగి మళ్లీ మూసుకుంది. గడ్డిపరక కూడా చెదరలేదు.

సింహాచలమ్మకు తెలివి వచ్చేసరికి వెలుతురు తిరిగి వస్తోంది. కపాలాన్ని కొంగుతో తుడిచి, గోతిలో పడుకోబెట్టి, ఏడుస్తూ రెండు చేతులతో మట్టి కప్పింది.

"అమ్మా... పానీ," అంది జానకి.

నుదురు చల్లగా ఉంది! వెంట తెచ్చిన నీళ్ల సీసా మూత తీసి కూతురికి తాగించింది. అడుగున మిగిలిన గుక్కెడూ గొర్రెపిల్ల మూతి మీద పోసింది.

"నువ్వూ తాగు నాయనా," అంది.