కనుమలో ఊదిన కొమ్ము

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన ఉండవలసిన వేళ కువైట్ మీద చీకటి కమ్ముకుంది. ఎడారి గర్భాన్ని చీల్చుకుని లేచిన ధూళి తుఫాను రక్తవర్ణపు తెరలా ఆకాశాన్ని మింగేసింది. కిటికీ అద్దాలను ఇసుక వేయి గోళ్ళతో గీరుతోంది...

ఆ పెద్ద విల్లాలో ఇద్దరే మనుషులు. యజమాని కుటుంబం వేసవికని విదేశం వెళ్ళింది. పనిమనిషి అంకాలమ్మ, ఆమె మేనమామా ఆ ఇంటి డ్రైవరూ అయిన గంగులయ్య మిగిలారు. మూడేళ్ళ క్రితం హవల్లీ పేటలో, రోజూ కొట్టే ఇంటి నుంచి ఆమెను విడిపించి, వీసాకు పూచీపడే ఈ ఇంటి యజమానిని, కఫీల్‌ను, బతిమాలి పనిలో పెట్టించింది ఆయనే. జ్వరమొస్తే గంజి కాచి తాగించిందీ ఆయనే. తండ్రి లేని అంకాలమ్మకు మామ మాట దేవుడి మాట.

అందుకే, "పైన ఆయుధాల గదిలో చిన్న పూజ ఉండాది, తలకు పోసుకుని రా" అని పిలిస్తే, ఎందుకని అడగలేదు.

గదిలో అడుగుపెట్టగానే వెనక గడియ పడింది.

గోడల నిండా యజమాని దేశదేశాల వేలాల్లో కొన్న కత్తులు, డాళ్ళు. నేల మీద కుంకుమతో గీసిన వలయం. దాని నడుమ గుర్రపు పుర్రె... కనుగుంతల్లో భగ్గున మండుతున్న కర్పూరం! పుర్రె నెత్తిన వెండి పట్టీలు వేసిన దంతపు కొమ్ము. దాని ముందు ఒక పిండిబొమ్మ. బొమ్మకు చుట్టింది ఆమె తలవెంట్రుకలే. ఛాతీకి సూదితో గుచ్చిన నివాస అనుమతి కాగితం మీద ఆమె ఫొటోయే.

"మామా... ఇది రెన్యువల్‌కని నేనిచ్చిన ఇఖామా కాపీ కదా?"

"అవును. కూసో."

ఆ గొంతు ఆమె ఎరిగిన మామది కాదు. ఏదో బీజాక్షరం అతని పెదవులపై బుసకొట్టింది. ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. వలయం మధ్యలో కూలబడింది.

గంగులయ్య కొమ్మును ప్రేమగా నిమిరాడు.

"ఇది ఎవురిదో తెలుసునా? పన్నెండు నూర్ల ఏండ్ల కిందట యూరప్‌లో ఫ్రాంకులనే జాతి చక్రవర్తికి ఒక మేనల్లుడు ఉండె. వానంత వీరుడు ఆ దండులోనే లేడు. సొంత మారుతండ్రే వాణ్ణి శత్రువులకు పట్టిచ్చినాడు. కొండ కనుమలో చుట్టుముట్టినారు. సాయానికి పిలిచేది నామోషీ అని కొమ్ము ఊదలేదు. తోటోళ్ళంతా సచ్చినాంక ఊదినాడు... కణతలు పగిలిపోయేదాకా. ఆ ప్రాణం ఇందులోనే ఉండాది. దాన్ని కట్టేసుకుంటే నాకు ఎదురుండదు. అయితే అది లేచేది ఒక్క వాసనకే. అయినోళ్ళు చేసే ద్రోహానికి. నమ్మినోళ్ళ రక్తం కావాల. నన్ను నీ మాదిరి నమ్మినోళ్ళు ఇంకెవరుండారు అంకాలూ?"

"హవల్లీ నుంచి నన్ను తెచ్చింది... దీనికేనా?"

అతను కత్తి తీశాడు. ఆమె అరచేతి మీద గాటు పెట్టి, ధారగా కారే నెత్తుటి కింద కొమ్మును పట్టాడు. కోత నొప్పి ఆమెకు తెలియలేదు. గంజి గిన్నె పట్టుకుని తన పక్కన కూర్చున్న మామ ముఖం కళ్ళముందు కదిలి, అది గుండెను కోసింది.

నెత్తురు చుక్క మిగలకుండా దంతంలోకి ఇంకిపోయింది! ఎక్కడో దూరంగా... గుర్రపు డెక్కల చప్పుడు!

"లే! నా దాసుడివై లే!" గంగులయ్య కేకకు గోడల మీది కత్తులు గలగలలాడాయి.

అంతలో అంకాలమ్మ ఒళ్ళు ఝల్లుమంది. ఏ జన్మలోనూ చూడని కొండగాలి చలి, ఇనుప కవచం బరువు, వేయేళ్ళ దుఃఖం ఆమె ఎముకల్లోకి దిగాయి. ఆ దుఃఖం ఆమెకు కొత్తగా అనిపించలేదు. మంత్రం బిగువు సడలింది. చేయి చాచి కొమ్మును లాక్కుంది. ఆ వీరుడికి నామోషీ అడ్డొచ్చింది. ఆమెకు ఏ నామోషీ లేదు. బతకాలి, అంతే.

ఊదింది!

ప్రళయకాల మేఘగర్జనలా ఆ నాదం విల్లాను ఊపేసింది. అద్దాలు భళ్ళున పగిలాయి. ధూళి సుడులు తిరుగుతూ లోపలికి దూకింది. ఆ ధూళిలో పగిలిన శిరస్త్రాణం... నెత్తురోడే కణతలు... అగ్నిగోళాల్లాంటి కళ్ళు!

గంగులయ్య వెనక్కి తగ్గాడు. "నిన్ను లేపింది నేను. నా మాట ఇనాల నువ్వు."

ఆ ఆకారం ఇనుప చేయి ఎత్తి అతన్నే చూపింది. మాట మాత్రం అంకాలమ్మ గొంతులోంచి, మగగొంతుతో వెలువడింది.

"ద్రోహీ!"

ఏ వాసనకైతే ఆ ప్రాణం లేచిందో, అది తన ఒంటినుంచే వస్తోందని అప్పటికి గానీ ఆ మాంత్రికుడికి అర్థం కాలేదు. తలుపు వైపు పరుగెత్తాడు. ధూళి అతన్ని చుట్టేసింది. లోపల ఒక ఆర్తనాదం... మరుక్షణం నిశ్శబ్దం. ఇసుక అణిగేసరికి గంగులయ్య గడప మీద బోర్లా పడి ఉన్నాడు. రెండు కణతలూ చిట్లి, నెత్తురు మెల్లగా కారుతోంది.

అంకాలమ్మ వలయం తుడిచేసి ఫోను చేస్తే, సాయంత్రానికి అంబులెన్సు వాళ్ళు వచ్చారు. వడదెబ్బకు నరాలు చిట్లాయని రాసుకుని శవాన్ని తీసుకెళ్ళారు. అంకాలమ్మ చేతికి కట్టు కట్టుకుని వంటింట్లో కూర్చుంది. ఫోను మోగింది. రాయచోటి దగ్గరి ఊరి నుంచి తల్లి.

"పాపా... నువ్వేనా మాట్లాడేది?"

"నేనేమ్మా. ఏమైంది?"

"నిన్న మామ ఫోన్ చేసినాడు. నీకు మెదడు జ్వరమంట, బతికేది కష్టమంట. గుండె రాయి చేసుకోమన్నాడు. నాకంటే వాడే ఎక్కువ ఏడ్చినాడు పాపా."

అంకాలమ్మ గోడకు జారగిలబడింది. కత్తి పెట్టినప్పుడు రాని కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి.

"నిన్ను బతికించుకున్నాడు నా తమ్ముడు. వానికి ఫోనియ్యి."

"మామ లేడమ్మా."

"డ్యూటీకి పోయినాడా? రాంగానే చెయ్యమను. వాని కడుపు సల్లగుండ..."

అంకాలమ్మ కట్టు కట్టిన చేత్తో ఫోను చెవికి నొక్కుకుంది. అవతల తల్లి తమ్ముణ్ణి దీవిస్తూనే ఉంది.