మిర్తో సమాధి రాయి, కింది సగం

యోర్దానిస్, ఎవంథియా మొదటిసారి కలిసింది మా మ్యూజియం పెరట్లో, నీళ్ళ గొడవతో. అతను ఒక సమాధి రాయి మీద తడి కాగితం పరిచి, అక్షరాల అచ్చు దిగేలా బ్రష్‌తో దబదబా బాదుతున్నాడు. చిందిన నీళ్ళన్నీ పక్కన ఆమె ఆరబెట్టుకున్న కుండపెంకుల మీద పడుతున్నాయి.

"ఏమండీ, స్నానం రాయికా, నాకా?" అంది ఎవంథియా.

"ముందు రాయికి. మీ వంతు కాగితం ఆరాక," అన్నాడు అతను తల ఎత్తకుండానే.

విరిగినవి అతికించడం అక్కడ నా పని. వాళ్ళ మాటలు విని చాలా నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

మిర్తో అనే పడుచు ఇల్లాలు చనిపోతే, క్రీస్తు పుట్టక ముందెప్పుడో నిలబెట్టిన రాయి అది. పై సగమే దొరికింది. దాని మీద చెక్కిన పద్యంలో ఆమె అందం, ఇంట్లో ఏడుపులు ఉన్నాయి, అక్కడితో రాయి విరిగిపోయింది. పోయిన పంక్తుల్ని ఊహించి పూరించడం మా చదువులో మామూలే. యోర్దానిస్ ఆ ఖాళీలో భర్తను పెట్టాడు. చిన్నప్పటి నుంచి ప్రేమించిన భర్త, ఏడుస్తూ ఈ రాయి నిలిపాడట. అతని థీసిస్‌కి ప్రాణం ఆ భర్తే.

"భర్తే అని నీకెవరు చెప్పారు?" అనేది ఎవంథియా, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చాక.

"ఇంకెవరు పెడతారు? నువ్వు పోతే నేను పెట్టనూ?"

"ముందు నన్ను బతకనీ," అంది గానీ, ముఖం మాత్రం ఎర్రబడింది.

ఆ వేసవంతా అలాగే గడిచింది. మధ్యాహ్నాలు రేవు దగ్గర కూర్చుని త్సిపురో తాగేవారు. ఆ సారాతో వచ్చే వేయించిన చేపల కోసం ఫోర్కులతో యుద్ధం చేసేవారు. వాన పడితే తవ్వకం దగ్గర టార్పాలిన్ పట్టా కింద దూరి, బోలెడంత చోటున్నా ఆనుకునే నిలబడేవారు. చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

సెప్టెంబరులో ఒక పాత గోడ పునాదిలోంచి మిర్తో రాయి కింది సగం బయటపడింది. తీసింది ఎవంథియానే. మట్టి తుడిచి చదివింది. పెళ్ళాడినవాడు రాలేదు, కన్నతల్లి ఒక్కతే నన్నిక్కడ నిలిపింది, అని ఉంది అందులో.

మాలో ఒక కట్టుబాటు ఉంది. రాయి ఎవరు వెలికితీస్తే దాన్ని అచ్చులో పెట్టే హక్కు వాళ్ళది. వాళ్ళు రాసేదాకా ఇంకెవరూ నోరెత్తకూడదు. అలా గిడ్డంగుల్లో ఒక తరమంతా పడి ఉన్న రాళ్ళున్నాయి.

ఆమె పరుగెత్తుకెళ్ళి ముందు అతనికే చెప్పింది. ఆ అధ్యాయం తీసేసి మళ్ళీ రాయమంది, ఇద్దరి పేర్లతో వేద్దామంది, డాక్టరేట్ కొంచెం ఆలస్యమైతే కొంప మునగదంది.

"పరీక్ష అయ్యేదాకా దాచు. నీ రాయే కదా, ఎవరడుగుతారు?" అన్నాడు.

ఆమె దాచింది. అక్షరాలు గోడవైపు తిప్పి, గిడ్డంగి మూల పెట్టించింది. పిచ్చిపిల్ల, ప్రేమ కొద్దీ చేసింది.

యోర్దానిస్ గొప్పగా నెగ్గాడు. పరీక్షకులకి భర్త తెగ నచ్చాడు. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. ఇక బయటపెడదామా అని ఎవంథియా అడిగితే ఉద్యోగం ఖాయం కానీ అన్నాడు. ఖాయమయ్యాక పుస్తకం రానీ అన్నాడు. మొహమాటం లేకుండా అడగడం అతనికి అలవాటైపోయింది.

అలా ఏళ్ళు గడిచాక ఒక ఈస్టరు నాడు వాళ్ళింటికి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. గొర్రెపిల్ల మాంసం తింటూ ఉండగా ఉంగరం తీశాడు. నువ్వు పక్కన లేకపోతే ఏ రాయీ చదవబుద్ధి కాదన్నాడు. అది అబద్ధం కాదు. వాళ్ళమ్మ అప్పుడే ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, నూరేళ్ళు చల్లగా ఉండమంది. ఎవంథియా కళ్ళు నిండాయి.

"మరి మిర్తో?" అని అడిగింది.

"ఇవాళ కూడా అదేనా? ఆమె పోయి ఎన్ని వందల ఏళ్ళయింది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఏం పోతుంది?"

ఆమె ఉంగరాన్ని కంచం పక్కన పెట్టింది. "ఎవరూ రాకపోతే మిర్తో వాళ్ళమ్మ ఒక్కతే నిలబెట్టిన రాయి అది. దాన్ని గోడవైపు తిప్పింది నేను. నువ్వంటే ప్రాణం యోర్దానిస్. నువ్వడిగితే ఇంకా ఏళ్ళకేళ్ళు అలాగే ఉంచుతాను. నాకు భయం అదే."

ఈ రాళ్ళ గొడవ తెలియని పెద్దావిడ అది సిగ్గనుకుని ఇంకా మిఠాయి వడ్డిస్తూనే ఉంది. ఎవంథియా ఆమె చేతికి ముద్దుపెట్టి బయటికి నడిచింది. అతను వెనకాల వెళ్ళలేదు.

ఆ చలికాలంలో ఆమె వ్యాసం అచ్చయింది. యోర్దానిస్ పేరు అందులో ఒకేచోట ఉంది, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఈ రాయిని ఇంతకుముందు తప్పుగా పూరించినవాళ్ళను చెప్పే చోట. అక్కడ అతనొక్కడే ఉన్నాడు.