స్టెఫీకి పూచీ

“ఆ అమ్మాయికి వైఫై ఇచ్చిందెవరు?” అడిగాడు చీఫ్ త్రినాథరావు.

“నేనే సార్,” అన్నాడు ఏజెంట్ సృజన్.

ఫిల్మ్ నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్‌లో ఏ సినిమాకీ డబ్బింగ్ జరగదు. లోపలి మాట బయటికి పోదు కాబట్టి డిపార్ట్‌మెంట్ దాన్ని ఆఫీసుగా వాడుకుంటోంది. చీఫ్ స్క్రీన్ మీద ఒక ఫొటో వేశాడు. స్టెఫీ. పైకి డబ్బింగ్ ఆర్టిస్టు. నిజానికి ఒక విదేశీ ముఠాలో చేరి, అక్కడి కబుర్లు మనకి మోసుకొచ్చే ఇన్ఫార్మర్. చాలాకాలంగా సృజన్ ప్రాణం ఆమె మీదే ఉంది.

“వాళ్ల కబుర్లు మనకి, మన కబుర్లు వాళ్లకి. డబుల్ ఏజెంట్,” అన్నాడు చీఫ్.



జూబ్లీ హిల్స్‌లోని ఒక సినిమా యూనివర్సిటీలో సృజన్ సౌండ్ లెక్చరర్ వేషంలో ఉన్నాడు. అక్కడి ల్యాబ్‌లో ట్రైనింగ్ ఫిల్మ్ కోసం ఒక ఆర్మీ జనరల్ ముఖాన్నీ గొంతునూ స్కాన్ చేశారు. ఆ ఫైల్ శత్రువుల చేతిలో పడితే, సరిహద్దులోని సైన్యానికి ఆయన నోటితోనే దొంగ ఉత్తర్వులు ఇవ్వొచ్చు. స్టెఫీ దాన్ని కాపీ చేసేసింది. కానీ కొత్త సినిమాలు లీకవుతాయన్న భయంతో ఆ క్యాంపస్‌లో మొబైల్ డేటాకి జామర్లు పెట్టారు. ఫోన్లూ ల్యాప్‌టాపులూ తెరిచి చూడందే గేటు దాటనివ్వరు. ఫైల్ బయటికి పోవాలంటే విజిటర్ వైఫై ఒక్కటే దారి.

దానికి నియమాలున్నాయి. అతిథికి ఎవరో ఒక ఉద్యోగి పూచీ పడాలి. అతిథి ఏం చేసినా బాధ్యత ఆ ఉద్యోగిదే. అతను తన ఫోన్‌లో పూచీ రద్దు చేస్తే కనెక్షన్ తక్షణం తెగిపోతుంది. ఇదంతా స్క్రీన్ మీద వచ్చినప్పుడు, లోకమంతా చేసే పనే మన గూఢచారీ చేశాడు. ఒక్క ముక్క చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేశాడు. పక్కన స్టెఫీ నవ్వుతూ నిలబడితే నియమాలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

“ఇప్పుడే కట్ చేస్త సార్.”

“వద్దు. అందుకునేవాడి అడ్రస్ కావాలి. అది దొరకాలంటే ఫైల్ కదలాలి. దొరకగానే నీ వాచ్ వణుకుతుంది, ‘ప్యాకప్’ అంటాను. ఫైల్ పూర్తిగా వెళ్లేలోపు కట్ చెయ్.”

“ఇంకెవరికన్నా చెప్పరాదుండ్రి సార్...”

“పూచీ నీది. నీ వేలితోనే జరగాలి.”

మధ్యాహ్నం క్యాంటీన్ కిటకిటలాడుతోంది. స్టెఫీ ల్యాప్‌టాప్ తెరిచి, కూలింగ్ గ్లాసెస్ తలపైకి తోసి, సృజన్ నుదుటి మీద చెయ్యి పెట్టింది.

“ఏంటలా ఉన్నావ్? జ్వరమా?”

“నిద్ర లేదు, గంతే. ఏం పంపుతున్నవ్?”

“వాయిస్ శాంపిల్స్. అన్నట్టు, మోతీనగర్‌లో ఒక ఇల్లు చూశాను. బాల్కనీ పెద్దది. పెళ్లయ్యాక అందులో చేరిపోదామా?”

సృజన్ వాచ్‌లోని చిన్న గీత ఫైల్ ఎంత వెళ్లిందో చూపిస్తోంది. సగం దాటింది. వాచ్ ఎప్పటికీ వణకకపోతే బాగుండునని అతను నిజంగా కోరుకున్నాడు. దేశం ఏమైపోయినా సరే అని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. తర్వాత సిగ్గుపడ్డాడు.

“స్టెఫీ, అది ఆపెయ్. గిప్పుడే. అదేందని కూడా నేనడగ.”

ఆమె ముఖం పాలిపోయింది. అర్థమైంది. అయినా చెయ్యి కదల్లేదు.

“ఆపితే వాళ్లు నన్ను బతకనివ్వరు సృజన్.”

“నేనుండంగనా?”

“నువ్వు డిపార్ట్‌మెంట్ మనిషివి. ముందు దానికి, తర్వాతే నాకు.”

వాచ్ వణికింది. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. “ప్యాకప్!”

గీత చివరికొచ్చింది. సృజన్ ఫోన్ తీసి రద్దు నొక్కాడు. తెగలేదు. చదవని నియమం ఇంకొకటి మిగిలి ఉంది. ‘కారణం ఎంచుకోండి’ అంది స్క్రీన్. సందర్శన ముగిసింది. నిబంధనల ఉల్లంఘన. ఈ అతిథి నాకు తెలియరు. ఆలోచించే వ్యవధి లేదు. బొటనవేలు అన్నిటికన్నా కిందిదాని మీద పడింది.

వెంట్రుకవాసిలో ఫైల్ ఆగిపోయింది.

తన స్క్రీన్ మీద వచ్చిన ఆ కారణాన్ని స్టెఫీ చదువుకుంది. పక్క టేబుల్ దగ్గర మఫ్టీలో ఉన్న ఆడపోలీసులు లేచి నిలబడ్డారు. ఆమె వాళ్ల వైపు చూడనే లేదు.

“నేను తెలియదా నీకు?” అంది.

“తెలుసనుకున్న,” అన్నాడు సృజన్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోవడం అతనికి ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు.

ఆ సాయంత్రమే బంజారా హిల్స్‌లోని ఒక ఫ్లాట్‌లో ముఠా నాయకుడు దొరికాడు. మర్నాడు యూనివర్సిటీ నెట్‌వర్క్ ఆఫీసర్ బసవపున్నయ్య సౌండ్ లెక్చరర్‌ని గదికి పిలిపించాడు. జరిగిందేమిటో ఆయనకి తెలియదు. తెలియని అతిథికి పూచీ పడినవాడు నియమాలన్నీ పైకి చదివి వినిపించాలి, అంతే. సృజన్ మొదటినుంచి చివరిదాకా చదివాడు.

“ఇకనుంచైనా బాగా తెలిసినవాళ్లకే పూచీ పడండి మాస్టారూ,” అన్నాడు బసవపున్నయ్య.

“గసొంటోళ్లు నాకు ఇప్పుడెవ్వరూ లేరు సార్. మీ వైఫైకి ఫికరే లేదు.”